పీట వేసుకుని ఎక్కే బండి

...ఆ పీట ఇంతకీ బండిలో వేశారా, కిందనే మరిచిపోయారా, మరిచిపోతే తాండూరు చేరాక అత్తమ్మ ఎలా దిగుతుంది, మళ్లీ పక్కింటి శంకరమ్మను స్టూలు అడగాలా, ఆవిడ స్టూలు ఒక్కటే ఇవ్వదు, దాని మీద ఒక మాట కూడా పెట్టి ఇస్తుంది, మొన్న ఇచ్చినట్టే, ఏం నవనీతా, మా ఇంట్లకు ఎండ రావాల్నన్నా మీ ఆయన బండి తియ్యాల్సిందేనా అని, అందులో అబద్ధమేముంది, రెండు గేట్లనూ కప్పేసి నిలబడుతుంది కదా ఈ నల్ల బండి, ముందు సీట్లో కూర్చున్న నవనీతకు నవ్వు రాబోయి ఆగింది, పక్కన మల్లేశ్వర్ స్టీరింగుకు పసుపు రాసి దానికి దండం పెడుతున్నాడు, తనకు తాళి కట్టిన రోజున కూడా ఆ ముఖంలో ఇంత భక్తి చూసిన గుర్తు లేదు, అద్దం బయట అనంతగిరి చెట్లు, గుడి ముందు వాలుగా దిగిన నేల, ఒక్కో టైరు ముందు నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పంతులుగారు పక్కకు జరిగారు, వాటిని తొక్కుకుంటూ బండి ముందుకు పోవాలి, అప్పుడే దిష్టి పోయినట్టు.

దిష్టి పెట్టేంత మొనగాడు ఎవరు, వికారాబాదులో ఉన్న తోడల్లుడు నిఖిలే కదా, ఆయన పెద్ద బండి కొన్నాకే ఈయనకు రోడ్లు ఇరుకైపోయాయి, అంతవరకూ చిన్న కారులోనే తన నాపరాళ్లు కోసే యూనిట్‌కు పోయి వచ్చేవాడు, ఇంటి నుంచి యూనిట్ దాకా దూరమెంతని, పోపు వేసి మూత పెడితే చల్లారేలోపు వెళ్లి రావచ్చు, ఇంతలో ఏమైందో, రాళ్ల లారీలు ఎట్ల వస్తున్నయో చూస్తలేవా, చిన్న బండైతే అప్పచ్చి అయితం, ఎత్తుల కూసుంటే దూరం దాక మంచిగ కనవడ్తది, నీకు, బిడ్డకు, అమ్మకు సేఫు అన్నాడు, అమ్మకు సేఫే, ఎక్కగలిగితే, మొదటి రోజు గోవిందమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ మెట్టు కేసి చూసి, ఓ కొడుకా, ఇది కారా, లారీనా అంది, అప్పటి నుంచి వంటింట్లో కూరగాయలు తరిగే పీట బండిలో చేరింది, నవనీత నేల మీద కూర్చుని తరుగుతోంది, పీట మోసే ఉద్యోగం బడిలో ఇప్పుడే చేరిన వర్షితకు దొరికింది, నాయనమ్మ ఎక్కేటప్పుడు వేయాలి, దిగేటప్పుడు వేయాలి, నాయనమ్మ ఎటు పోతే అటు నెత్తిన పెట్టుకుని పోవాలి, ఇంజను స్టార్టయింది, ఏసీ గాలి ముఖానికి కొట్టింది, సరే, ఇంతకీ పీట ఎక్కడ?

పక్క అద్దంలో కనబడింది, ప్రసాదం ఇచ్చే చోట, గుడి మెట్ల దగ్గర, దాని మీదనే కూర్చుని ఉంది అత్తమ్మ, పులిహోర పొట్లం విప్పుతోంది, హమ్మయ్య, పీట దొరికింది, పీట అక్కడుంటే మోసిన మనిషీ అక్కడే ఉండాలి కదా, నాయనమ్మ కొంగు వెనక ఉందేమో, లేదు, మెట్ల మీద, లేదు, పంతులుగారి పక్కన, లేదు, ఇగ పోనియ్యుండ్రి అంటున్నారు పంతులుగారు, మల్లేశ్వర్ గేరు మార్చాడు, బ్రేకు మీద నుంచి కాలు తీస్తే చాలు, బండి తనంతట తానే కదులుతుందట, తోడల్లుడి బండికి ఆ సౌకర్యం లేదట, వెనక చూడటానికి కెమెరా కూడా ఉంది, వెనక ఉన్న తులసి మొక్క ఆకులతో సహా కనబడుతోంది తెరమీద, వెనక ఎవరూ లేరు, ముందు, ముందు ఏముంది, నల్లటి బానెట్, దాని అంచున కట్టిన బంతిపూల దండ, ఆ దండ కదిలింది, ఇంజను అదురుకేమో, అదురైతే అంతా ఒకేలా వణకాలి, ఇది ఒకపక్కకే కిందికి సాగుతోంది, ఎవరో పట్టుకుని లేవబోతున్నట్టు, గాలి లేదు, చెట్టున ఆకు కదలడం లేదు, మల్లేశ్వర్ మోకాలు పైకి లేస్తోంది, ఏమని పిలవాలి, ఇన్నేళ్లూ ఇగో వింటున్నరా అనే పిలిచింది, పెళ్లినాడు గడప దగ్గర అడ్డం నిలబడి మొగని పేరు చెప్పందే లోపలికి రానియ్యం అని ఆడబిడ్డలు ఆటపట్టిస్తే, మా నాయన అల్లుడు అని చెప్పి తప్పించుకుంది, ఇగో అంటే ఆయన తల తిప్పడానికే ఒక పూట పడుతుంది, మల్లేశ్వర్! ఆగురా!

గుడి ముందు అంతా ఆగిపోయింది, పంతులుగారి చేతిలో హారతి, మెట్ల దగ్గర అత్తమ్మ నోటి దాకా పోయిన పులిహోర, బ్రేకు మీద మల్లేశ్వర్ కాలు, నవనీత తలుపు తీసింది, మెట్టు సంగతి మరిచి దూకింది, కాలు బెణికింది, బానెట్ ముందు వర్షిత, ఒక చేత్తో దండ పట్టుకుని, ఇంకో చేతిలో నిమ్మకాయతో, అమ్మా, వాలుకు దొర్లిపోతున్నది, మల్ల పెడుతున్న అంతే అంది, ఏదో సాయం చేస్తున్న గొప్పతో, నవనీతకు కొట్టాలో, ఎత్తుకోవాలో తెలియలేదు, చేతులు ఎత్తుకున్నాయి, ఆ చిన్న గుండె మామూలుగా కొట్టుకుంటోంది, తనది కాదు, వెనక అత్తమ్మ గొంతు, ఏం పిల్లా, పేరు వెట్టి పిలిచినవా, అది గూడ రా అన్నవా, పంతులుగారు సర్దబోయి, ఏం గాలేదు కదమ్మా, ముహూర్తం దాటిపోతది, కూసోండ్రి అన్నారు.

కూర్చోలేదు నవనీత, బండి బంద్ చెయ్యుండ్రి అంది, ఇంజను ఆగాక బిడ్డను దించి బానెట్ ముందు సరిగ్గా మధ్యలో నిలబెట్టింది, నిటారుగా నిలబడు బిడ్డా అంది, బండిలో ఉన్నాయనను చూసి, ఇగో, బిడ్డ కనవడ్తుందా అని అడిగింది, అతను మెడ సాచాడు, సీటులోంచి లేచాడు, అద్దానికి ముఖం ఆనించాడు, అతని కళ్లు దూరాన ఉన్న చెట్లన్నిటినీ చూస్తున్నాయి, తలకాయ అడ్డంగా ఊపాడు, అత్తమ్మా, జర లేస్తవా అంటూ కుంటుకుంటూ పోయి పీట తెచ్చింది, బానెట్ ముందు వేసి వర్షితను దాని మీద నిలబెట్టింది, అప్పుడు కనబడింది తండ్రికి, ముందు పాపిట, తర్వాత కళ్లు, ఆయన స్టీరింగు మీది నుంచి చేతులు తీసేశాడు, అరచేతుల నిండా పసుపు, రాళ్ల లారీలు కనబడాలని, తోడల్లుడికి కనబడాలని ఇంత ఎత్తు ఎక్కి కూర్చున్నాడు, ఎక్కడానికి ఆయన తల్లికి పీట కావాలి, కనబడటానికి ఆయన బిడ్డకు పీట కావాలి, తమ ఇంటి మనిషి ఒక్కరి కొలతకూ ఇది చేసిన బండి కాదు.