ఆదివారం రాని దగ్గు

ఉబ్బసం మందులు పరీక్షించే ఆ ల్యాబులో పదకొండేళ్లుగా ఎలుకల ఊపిరి కొలిచేది ఆమే. అందరికీ అక్క. సూదిమందుతో గుడ్డు తెల్లసొన ఒంటికి పడకుండా చేసిన ఎలుకను చిన్న గాజుపెట్టెలో ఉంచి, తెల్లసొన కలిపిన నీటిని పొగమంచులా లోపలికి వదిలితే దాని ఊపిరిగొట్టాలు బిగుసుకుంటాయి. ఎంత బిగిశాయో తెర మీద గీత చూపిస్తుంది. ఎలుక బెదిరితే మాత్రం ఆ గీతను నమ్మడానికి లేదు. ఆమె చేతిలో ఏ ఎలుకా బెదరదని పేరు.

ఆ ఏడు ఆమెకు పొడిదగ్గు పట్టుకుంది. కళ్లు దురద. చలిగాలి పడలేదని సరిపెట్టుకుంది.

భర్త టైలరు. ఒక ఆదివారం చొక్కాకు కాజాలు కుడుతూ అన్నాడు.

"ఆదివారం నీకు దగ్గు రాదు, గమనించావా?"

"దానికీ సెలవేమో."

"నవ్వులాట కాదు. సోమవారం మొదలవుతుంది, శుక్రవారానికి ముదురుతుంది. ఆర్నెల్లుగా చూస్తున్నా."

కూరగాయలు తరుగుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇదే మాట ఒక ఎలుక గురించి విని ఉంటే ఇట్టే పట్టేసేది.

తన ఒంటికి ఎలుకలు పడడం లేదని చెబితే పని పోతుందని భయం. మాస్కు బిగించుకుని రెండు వారాలు నోరు మెదపలేదు. చివరికి ఒకరోజు ఎలుకను పెట్టెలోకి దింపుతుంటే దగ్గు తెర ముంచుకొచ్చింది. ఎలుక గింజుకుంది, గీత పాడైంది. ల్యాబు పెద్ద డాక్టరమ్మ అక్కడే ఉంది. ఈమె కంటే పదేళ్లు చిన్నది.

"ఎన్నాళ్ల నుంచి అక్కా ఇది?"

"ఆర్నెల్లు. చెబితే మానేయమంటారని..."

"మిమ్మల్ని మానేయమంటే ఈ పని నేనెవరితో చేయించుకోవాలి?" అంటూ డాక్టరమ్మ ఊపిరి బలం కొలిచే గొట్టం ఒకటి తెచ్చిచ్చింది. "ఒక వారం సెలవులో, ఒక వారం పనిలో. రోజూ నాలుగుసార్లు ఊది రాయండి."

రాసే పని భర్త తీసుకున్నాడు. చొక్కాల కొలతల పుస్తకంలోనే రాశాడు. సెలవులో ఊదితే ముల్లు నాలుగు వందల దాకా వెళ్లింది. పనిలోకి వెళ్లిన మూడోనాటికి రెండు వందల తొంభై.

ఛాతీ వైద్యుడు ఆ పేజీ చూసి, రక్తపరీక్ష చేయించి, ఎలుకలే కారణమని తేల్చాడు. పీల్చే మందు రాశాడు.

డాక్టరమ్మ ఆమెకు అద్దాల గోడకు ఇవతల కుర్చీ వేయించింది. గీతలు చదవడం, కొత్తగా చేరిన అమ్మాయికి పని నేర్పడం ఇక ఆమె వంతు. కానీ తాను ముట్టకుండా, ఎలుకను ఎలా పట్టుకోవాలో ఆ అమ్మాయికి చూపించడమెలా? భర్త మిగులు గుడ్డతో ఎలుక బొమ్మ కుట్టి, బరువు సరిపోయేలా ఇసుక నింపి ఇచ్చాడు.

వారం తిరిగేసరికి లోపలి అమ్మాయి చేతిలో నిజం ఎలుక కుదురుగా కూర్చుంది. ఇవతల ఆమె మైకులో, "మెడ దగ్గర కాస్త వదులు చెయ్యి తల్లీ," అంది. గీత నీళ్ల మీద అలలా సాఫీగా సాగింది.

పక్క ల్యాబువాళ్లు ఇంకో ఆరు బొమ్మలు కావాలన్నారు. ఆ సాయంత్రం భర్తకు ఆ కబురు చెప్పి, "ఈసారి తోకలు ఇంకొంచెం పొడుగు పెట్టండి," అంది.