కచ్చాకుట్టు

శనివారం పొద్దున్నుంచీ టైలరు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మిషను ముందు కూర్చుంటాడు, నాలుగు కుట్లు వేస్తాడు, లేచి గుమ్మం దాకా వెళ్ళి వీధిలోకి చూస్తాడు, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. కాజాలు తీయాల్సిన చొక్కాలు కుప్పగా పడి ఉన్నాయి. కుడుతున్నది మాత్రం చొక్కా కాదు. దుప్పటంత తెల్లగుడ్డ మీద ఎర్రగుడ్డతో కత్తిరించిన అక్షరాలు. ‘కచ్చాకుట్టూ, ఇంటికి పో!’ అని. రేపటి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తూర్పు గ్యాలరీ వాళ్ళు ఎత్తి పట్టుకోబోయే బ్యానరు అది. ఇంటికి పొమ్మంటున్నది ఎదుటి జట్టువాణ్ణి కాదు, తమ క్లబ్బులోనే ఆడే పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి.

ఆ కుర్రాడు టైలరుకి సొంత అక్క కొడుకు. ఆ సంగతి షాపులో ఎవరికీ తెలియదు.

“వాడికి బంతి దొరికితే బ్యాంకులో వేసినట్టు కాళ్ళ కింద దాచుకుంటాడు మాస్టారూ. వడ్డీ వస్తుందనుకుంటాడో ఏంటో!” అన్నాడు బస్సు కండక్టరు, పక్కనున్న డ్రిల్లు మాస్టారితో. బ్యానరు గుడ్డ తెచ్చిచ్చిన పెద్దమనిషి ఆయనే. సెలవు దొరికితే చాలు, ఈ షాపులో బల్ల మీదే కాపురం.

“దాచుకోవడం కాదయ్యా, చూస్తున్నాడు. ఎవడు ఎటు ఉరుకుతాడో చూసి ఇద్దామని. మనవాళ్ళు ఉరికితే కదా!” అన్నాడు డ్రిల్లు మాస్టారు. రిటైరైనా ఆయన గొంతు ఇంకా మైదానంలోనే ఉంది. “రెండేళ్ళు ఓపిక పట్టండి. వాడి కాళ్ళ మీదే నిలబడుతుంది ఈ క్లబ్బు.”

“రెండేళ్ళా? కింద నుంచి రెండో స్థానంలో కొట్టుకుంటున్నాం, ఇంకేం ఓపిక? రేపటితో వాడి ఒప్పందం అయిపోతోంది. ఆట అవగానే ఆఫీసుకి పిలిచి ఉంచుతారో పంపుతారో చెప్పేస్తారట. ఈ బ్యానరు కమిటీ వాళ్ళ కళ్ళలో పడాలి, అంతే. ఏమంటావు టైలరూ? ఆ పేరు నువ్వు పెట్టిందే కదా!” అన్నాడు కండక్టరు.

టైలరు తలెత్తలేదు. నోట్లో గుండుసూదులు ఉండటం ఒక్కోసారి ఎంత మేలో ఆయనకు ఆ క్షణంలో తెలిసింది.

నిజమే, ఆయన పెట్టిందే. కుర్రాడు మొదటిసారి జట్టులోకి వచ్చిన రోజు ఆయన మిఠాయి పొట్లం పట్టుకుని షాపుకొచ్చాడు. ఇంకా నోరు తెరవకముందే కండక్టరు, “ఎవడో చుట్టం సిఫారసు చేసుంటాడు, లేకపోతే ఈ పుల్లగాణ్ణి ఎవరు తీసుకుంటారు?” అనేశాడు. టైలరు మాట మార్చేశాడు. మిఠాయి దేనికంటే కొత్త మిషను కొన్నానన్నాడు. పాత మిషను ఎదురుగానే ఉంది, అయినా తినేవాళ్ళెవరూ అడగలేదు. ఆ తరవాత అనుమానం రాకుండా ఉండాలని అందరికంటే ఆయనే ఎక్కువ తిట్టడం మొదలుపెట్టాడు. తన పిచ్చిగానీ, అనుమానించిందెవరు?

ఒకరోజు నోరు జారి, “అదంతా కచ్చాకుట్టు బాబూ! చూడ్డానికి కుట్టులాగే ఉంటుంది. ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది” అన్నాడు. కండక్టరు కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆ మాటను బస్సెక్కించి ఊరంతా తిప్పాడు. వారం తిరిగేసరికి గ్యాలరీ మొత్తం అదే అరుపు. ఆ వారం మ్యాచ్‌ని రేడియోలో వింటూ ఆ అరుపు చెవిన పడ్డప్పుడు టైలరుకి, సిగ్గు విడిచి చెప్పాలంటే, కాస్త గర్వంగానే అనిపించింది. అన్నం ముందు కూర్చున్నాక మాత్రం కంచం పక్కకు నెట్టి లేచాడు.

ఇప్పుడు బ్యానరు కుట్టనంటే ఎందుకంటారు. కుడితే అక్కకు ఏ మొహం చూపించాలి? ఆలోచిస్తుంటే కాలు దానంతటదే మిషను తొక్కుతోంది. చేతికి పనిలో దొంగతనం రాదు కాబట్టి, అక్షరాలన్నీ రెండేసి వరసల పక్కా కుట్టుతో గట్టిగా పడుతున్నాయి.

గుమ్మంలో నీడ పడింది. అక్క కొడుకే.

చేతిలో ప్యాంటు ఉంది. “మా...” అంటూ లోపలికి అడుగు వేయబోయి ఆగిపోయాడు. బ్యానరు మిషను మీద నుంచి జారి గుమ్మం దాకా పరుచుకుని ఉంది. వాడు దాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాడు. తరవాత బల్ల మీద నోళ్ళు తెరుచుకుని చూస్తున్న ఇద్దరినీ చూశాడు. గుడ్డ తొక్కకుండా పక్కనుంచి నడిచి వచ్చి, ప్యాంటు కౌంటరు మీద పెట్టాడు.

“టైలరుగారూ, ఇది పొట్టిదైపోయింది. కింద మడత విప్పి పొడుగు చేయాలి.”

టైలరు సూదులు తీసి చేతిలో పెట్టుకున్నాడు. “ఎప్పటికి కావాలి?”

“రేపు మ్యాచ్ అయ్యాక. ఆఫీసుకి రమ్మన్నారు.”

ఇన్నేళ్ళ అలవాటు చెడ్డది. చేయి దానంతటదే రసీదు పుస్తకం అందుకుంది. “పేరు?” అని అడిగేశాడు. అడిగాక గానీ ఏమడిగాడో తెలియలేదు.

వాడు బ్యానరు వైపు ఒకసారి చూశాడు.

“మీరు పెట్టిందే రాసుకోండి,” అన్నాడు. వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయాడు.

వాడికి తెలియదా మరి! చిన్నప్పుడు, ఈ ఇద్దరూ ఈ బల్లకు అలవాటు పడకముందు, బడి వదిలితే నేరుగా ఈ షాపుకే వచ్చేవాడు. పక్కా కుట్టు పడ్డాక ప్యాంట్లకున్న కచ్చాకుట్టు దారాలు పళ్ళతో లాగేవాడు. వాడి మొదటి బంతి ఇక్కడి పీలికలతో ఈ చేతులు కుట్టిందే. ఆ మాటను గ్యాలరీ నుంచి మొదటిసారి విన్న రోజే అది ఏ ఇంటిదో వాడికి అర్థమై ఉంటుంది.

కండక్టరు తొడ చరిచాడు. “చూశారా మాస్టారూ, వాడే వచ్చాడు! అదేంటి, మీరు పెట్టిందే అంటాడు? నువ్వు పెట్టావని వాడికెవరు చెప్పారోయ్?”

“వాడు మా అక్క కొడుకు,” అన్నాడు టైలరు.



“మరి నువ్వే కదయ్యా అందరికంటే...” అన్నాడు మాస్టారు. “ఎందుకన్నావు ఆ మాట?”

“మీరు నవ్వారు,” అన్నాడు టైలరు. “మీరు నవ్వితే నాకు బాగుంది.”

అని లేచి, మెడలో టేపుతోనే వీధిలోకి పరిగెత్తాడు. మూల మలుపు దాకా వెళ్ళేసరికి వాడెక్కిన బస్సు కదిలిపోతోంది. ఆయాసపడుతూ వెనక్కొచ్చి, బ్యానరు ఒళ్ళోకి లాక్కుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. కచ్చాకుట్టయితే ఒక్క లాగుతో పోయేది. ఇది పోదు. ఒక్కో కుట్టూ బ్లేడుతో కోసి తీయాలి. మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకుని రెండో కొసన కూర్చున్నాడు. కండక్టరు కాసేపు గోడకేసి చూసి, తానూ ఒక అక్షరం పట్టుకున్నాడు.

“గుడ్డ పోతే పోయింది. రేపు అరుపులు మాత్రం ఆగవు టైలరూ. గ్యాలరీ నా మాట వినదు.”

అన్నీ విప్పేసరికి పొద్దు వాలింది. గుడ్డ ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు టైలరు. దారం లేదుగానీ సూది కన్నాలు అలాగే ఉన్నాయి. వాటి వెంట చూపు పోనిస్తే మాట మొత్తం చదవడానికి వస్తోంది. ఆయన దాన్ని గబగబా మడిచి కాళ్ళ కింద పెట్టుకున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. మిగతా ఇద్దరూ వేరే వైపు చూస్తూ కూర్చున్నారు.

ఫోను మోగింది. అక్క.

“ఒరేయ్, వీడు వట్టి చేతుల్తో వచ్చాడు. ప్యాంటేదిరా అంటే, మామయ్యే రేపు గ్రౌండుకి తెచ్చిస్తానన్నాడు అంటున్నాడు. నిజమేనా? వీడి ఆటకి ఒక్కసారన్నా వచ్చిన మొహమేనా నీది?”

అలాంటి మాటేదీ టైలరు అనలేదు. అనడానికి వాడు నిలబడితే కదా.

“ఇంకేమన్నా చెప్పాడా అక్కా?”

“ఇంకేం చెప్పాలి? నువ్వు తూర్పు గ్యాలరీలో నిలబడి ఇస్తావట, అక్కడైతే అందరికీ కనిపిస్తావట. అదేం గోలో నాకర్థం కాలేదు. వస్తావా, రావా?”

కౌంటరు మీద ప్యాంటు అలాగే ఉంది. టైలరు దాన్ని తిరగేసి, కింద మడత వేలితో తడిమి చూశాడు. ఎదిగే పిల్లాడని కుట్టిన రోజున తాను లోపల వదిలిన గుడ్డ ఇంకా బోలెడుంది.

“నిజమే అక్కా. వస్తానన్నాను,” అన్నాడు.