మరిడమ్మ చేతి వట్టివేరు

కార్తీకం వచ్చిందంటే గోదావరి నడుమ కొంగలంకలో పల్లంరాజు వలలు పక్కన పెట్టి ఇసుక నేల దున్నేవాడు. వాళ్ళమ్మ మరిడమ్మ వట్టివేరు పిలకలు నాటేది. నాటిన మర్నాటి నుంచే ఇంట్లో ఆవిడకి మూట కట్టడం మొదలు. రెండు చీరలు, కాసిని ఎండుచేపలు, సీసాడు ఆముదం. పడవెక్కి అంతర్వేదిలో చెల్లెలింటికి వెళ్ళిందంటే, మళ్ళీ పద్దెనిమిది నెలల తరవాత వేళ్ళు తవ్వేనాటికి రావడమే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్ళు దాటిన రోజులవి.

ఎందుకంటే, నాటిన మనిషి ఎటుంటే వట్టివేరు అటు పెరుగుతుంది. లంకలో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది. నాటిన మనిషి ఇంట్లోనే కూర్చుంటే వేళ్ళకి పెద్ద పనుండదు. ఇసుకలో పైపైనే పాక్కుంటూ గుమ్మం దాకా వచ్చి, దారప్పోగుల్లా సన్నగా ఉండిపోతాయి. అలాంటివి గంపెడు ఉడకబెట్టినా సీసా అడుగు తడవదు. అదే మనిషి గోదావరి దాటి దూరాన ఉంటే, వేళ్ళు నది అడుగుకన్నా కిందికి దిగి దారి వెతుక్కోవాలి. అలా దిగిన వేరు లావెక్కుతుంది, నూనె పడుతుంది. రాజమండ్రి వైద్యులు కామేశంగారు ఆ వేళ్ళనే రాగి కాగులో వేసి, ఆవిరి పట్టి తైలం దించేవారు. వేసవి జ్వరాలకీ ఒంటి మంటలకీ చుట్టుపక్కల ఆ తైలమే మందు.

మరిడమ్మ నాటిన పిలక ఒక్కటీ చచ్చేది కాదు. అందుకని ప్రతిసారీ ఆవిడే నాటాలి, ఆవిడే వెళ్ళాలి. మంచి చేయి ఉన్నందుకు ఇంట్లో చోటు లేకుండా పోయిన మనిషి.

ఈసారి మాత్రం మూట ముడి పడడం లేదు. కోడలు లోవమ్మకి ఎనిమిదో నెల. తల్లి లేని పిల్ల కాబట్టి తొలి పురుడు అత్తారింట్లోనే. మరిడమ్మ ఒకరోజు మోకాళ్ళ నొప్పులంది, ఒకరోజు పడవ తప్పిపోయిందంది, ఒకరోజు ఏమీ అనకుండా వసారాలో మంచమేసుకుని అటు తిరిగి పడుకుంది. ఇలా నెల గడిచిపోయింది. అరవై ఏళ్ళావిడ, పాపం, చిన్నపిల్లలా మారాం చేస్తోందని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

పంట చూసుకోడానికి కామేశంగారు పడవలో వచ్చారు. ఒక దుబ్బు పక్కన ఇసుక తోడి చూసి నిట్టూర్చారు.

"మరిడమ్మా, వేళ్ళన్నీ మీ గుమ్మం కేసి తిరిగిపోతున్నాయి. ఇంకో పది రోజులు నువ్విక్కడే ఉంటే ఈ పంట పాక కప్పుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు."

"తెలుసండి పంతులుగారూ. శుక్రవారం వెళ్ళిపోతానండి."

"అత్తా, పురుడయ్యాక నేను నాటతాను. బిడ్డనెత్తుకుని నేనే ఎటైనా పోతాను," అంది లోవమ్మ.

"నోర్ముయ్యవే. ఇన్నాళ్ళూ నేను తిరిగింది చాలు ఈ ఇంటికి."

గురువారం పొద్దున్న లోవమ్మ అత్తగారి పక్కబట్టలు మడతపెట్టబోయింది. మంచానికి సరిగ్గా పైన ఒక ఉట్టి వేలాడుతోంది, అందులో బీటలేసిన కుండ ఒకటి. నాటగా మిగిలిన పిలకల్ని గోదావరిలో వదిలెయ్యడం ఆ ఇంటి ఆనవాయితీ. ఈసారి మరిడమ్మకి ఆఖరి పిలకని నీళ్ళపాలు చెయ్యడానికి మనసొప్పక, ఆ కుండలో గుచ్చి ఉట్టిలో పెట్టింది. దాని వేరు బీటలోంచి బయటికొచ్చి, తిన్నగా బారెడు కిందికి దిగి, మరిడమ్మ తలగడని తాకుతోంది. చిటికెన వేలంత లావుంది. లోవమ్మ కొస తుంచి వాసన చూస్తే తైలం వాసన గుప్పుమంది. వెంటనే మొగుణ్ణి కేకేసింది.

"ఇదిగో, ఇలా రావయ్యా! అత్త దూరం పోనక్కర్లేదు. వేరుకి కిందుంటే చాలు. పంటనే పైకెక్కిద్దాం."

"ఎకరం పంటని పైకెక్కించడమేంటే? మతిపోయిందా నీకు?"

"ఎకరమెందుకు? వేరు ఇలా దిగితే పందిరంత చాలదూ?"

పల్లంరాజు వేరు పట్టుకుని చూశాడు. గట్టిగా లాగినా తెగలేదు. దూలాల కోసం అప్పుడే తాళ్ళతోపుకి పోయాడు.

శుక్రవారం అంతర్వేది పడవ వచ్చి, కాసేపు చూసి వెళ్ళిపోయింది. లంకలో జనమంతా తలో చెయ్యీ వేశారు. ఇంటి పక్కనే తాటి దూలాల మీద తడికలు పరిచి, నడుమెత్తు ఇసుక పోశారు. కింద నుంచి కొడుకు నెడుతుంటే, వాణ్ణి తిట్టుకుంటూ మరిడమ్మ నిచ్చెనెక్కి, పొలంలోంచి పీకి తెచ్చిన పిలకల్ని పట్టినన్ని మళ్ళీ తన చేత్తోనే నాటింది. ఆవిడ మంచం పందిరి కిందికి మారింది. ఆ తరవాత ఎనిమిది రోజులకి లోవమ్మ ఆడపిల్లని కంది. బొడ్డు కోసింది మరిడమ్మే.

వేసవికి వేళ్ళు తడికలు దాటి మంచం చుట్టూ దిగాయి. వాటిని చేత్తో పక్కకి నెట్టుకుని లోపలికీ బయటికీ తిరిగేవారు. మధ్యాహ్నం పూట లంకలో ముసలమ్మలందరి కునుకూ అక్కడే.

పద్దెనిమిది నెలలు నిండి ఆషాఢం వచ్చింది. ఈసారి తవ్వకం లేదు, ఇసుక దులిపి కోసుకోవడమే. ఎండ తగలకుండా నీడలోనే ఆరినందువల్ల వేళ్ళలో నూనె చుక్క కూడా పోలేదు. రేవులో కామేశంగారు ఒక కట్ట విప్పి, వేరు విరిచి, వాసన చూసి కళ్ళు మూసుకున్నారు.

"ఎకరమంతా తవ్వినప్పుడు కూడా ఇంత నూనె పట్టిన వేళ్ళు రాలేదు. మరిడమ్మా, ఇలా వచ్చి మంచివి ఏరి పెట్టు."

మరిడమ్మ చంకలోని మనవరాల్ని లోవమ్మకిచ్చి, రేవుకేసి పది అడుగులు వేసి, కట్టలోంచి వేళ్ళు ఏరడం మొదలెట్టింది. పిల్ల గుక్కపట్టి ఏడుపందుకుంది. లోవమ్మ బెల్లంముక్క నోట్లో పెడితే ఉమ్మేసింది. పల్లంరాజు భుజానెక్కించుకుంటే జుట్టు పీకింది.

"పిల్లకి కడుపునొప్పేమో, చూడనా?" అన్నారు కామేశంగారు.

"నొప్పి కాదండి. నాయనమ్మ వెళ్ళిపోతోందనండి," అంది లోవమ్మ నవ్వుతూ.

మరిడమ్మ రెండు చేతులా వట్టివేళ్ళు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"కాసేపు ఏడవనివ్వండి పంతులుగారూ. నలుగుర్ని కన్నానండి. నేను పడవెక్కుతుంటే ఒక్కళ్ళూ ఏడవలేదండి. నేనెవరో తెలిస్తే గదండీ వాళ్ళకి. నాకోసం ఏడవడం ఇదేనండి మొదలు."

పల్లంరాజు తల దించుకున్నాడు. మరిడమ్మ మాత్రం చేతిలో వేళ్ళని వైద్యులుగారి చేతుల్లో పడేసి, మోకాళ్ళ సంగతి మరిచిపోయి, పిల్ల దగ్గరికి పరుగెత్తింది.