ఏడవని వదిన

పాల ప్యాకెట్టు ఇంకా గుమ్మంలో పడకముందే మహేంద్ర జ్ఞానం వచ్చి జ్ఞానాంబ ఫోనులో పడేది.

"పగిలిన కుండలో కూడా పచ్చని మొక్క పెరుగుతుంది. మీ పగుళ్ళను ప్రేమించండి. శుభోదయం." దాని కింద ఉదయిస్తున్న సూర్యుడు, ఆ సూర్యుడికే దారి చూపిస్తున్నట్టు చెయ్యి చాపి నిలబడ్డ మహేంద్ర. మరుక్షణం బంధువుల గ్రూపులో దండాల వాన మొదలయ్యేది.

"పగిలిన కుండ ఎత్తిపోసినోళ్ళకు తెలుస్తాది ప్రేమ ఎట్లుంటాదో" అని గొణుక్కుంటూ జ్ఞానాంబ భర్తను లేపి కూర్చోబెట్టడానికి పోయేది.

మహేంద్ర ఆమెకు మరిది. భర్త దొరస్వామికి ఉన్న ఒకే ఒక్క తమ్ముడు. కొన్నాళ్ళు ఇళ్ళ స్థలాలు అమ్మాడు, కొన్నాళ్ళు ఒళ్ళు తగ్గించే పొడి అమ్మాడు. స్థలాల్లో నీళ్ళు పడలేదు, పొడి తిన్నవాళ్ళకు ఒళ్ళు తగ్గలేదు. చివరికి ఎవరూ తూకం వేసి చూడలేని సరుకు ఒకటి దొరికింది అతనికి. అది ప్రేరణ. హోసూరులో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని 'జీవన వికాసం' అని బోర్డు కట్టాడు. ప్రేరణ కోసం హిమాలయాలకు పోనక్కరలేదు, రోజూ కళ్ళెదుట కనిపించే వాటిలోనే ఉంటుందనేది అతని సిద్ధాంతం. చీమను చూసి పట్టుదల నేర్చుకోవాలి, ఇడ్లీ పిండిని చూసి ఓర్పు నేర్చుకోవాలి. పిండి రుబ్బే మనిషిని చూసి ఏం నేర్చుకోవాలో మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఇక చీమల సంగతంటారా, తన ఇంట్లో చక్కెర డబ్బాకు పట్టిన పూట వాటి పట్టుదలను మెచ్చుకోకుండా మందు చల్లించాడు.

జ్ఞానాంబ వీటన్నిటినీ చూసీ చూడనట్టు వదిలేసేది. ఆమెకు అంత తీరిక లేదు. హోసూరు బజారు వీధిలో వాళ్ళకు స్టీలు పాత్రల అంగడి ఉంది. రెండేళ్ళ కింద దొరస్వామికి పక్షవాతం కొట్టి కుడిపక్క పడిపోయింది. మాట కూడా పోయి, ఈ మధ్యే ముద్దముద్దగా కొన్ని మాటలు తిరిగొచ్చాయి. పొద్దున అతనికి స్నానం చేయించి, తినిపించి, ఆటోలో ఎక్కించుకుని అంగడికి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, అప్పుడు ఆమె షట్టరు ఎత్తేది.

ఒకరోజు మధ్యాహ్నం అంగడికి ఒక అమ్మాయి వచ్చింది. కుక్కరు కావాలని అడిగింది గానీ కుక్కర్ల వంక చూడలేదు. జ్ఞానాంబ ముఖం వంకే చూస్తూ నిలబడింది.

"మీరు... ఏడవని వదిన కదా?" అంది.

"ఏందమ్మా?"

"అవునక్కా, మీరే. వీడియోలో చూసినాను." ఆ అమ్మాయి గబగబా ఫోను తీసి చూపించింది.

తెరమీద మహేంద్ర. వెనక పూలకుండీ. గొంతులో తేనె. "మిత్రులారా, మా అన్నయ్య కుప్పకూలిన రోజున మా వదిన ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. చిరునవ్వుతో నా భుజం తట్టి, 'మహేంద్రా, ఇది కష్టం కాదు, పాఠం' అన్నారు. ఈరోజుకీ ఆ నవ్వు చెరగలేదు. మన ఇంట్లోనే ఇంత ప్రేరణ ఉంటే బయట వెతకడం ఎందుకు?" పక్కన జ్ఞానాంబ ఫోటో. ఎవరి పెళ్ళిలోనో ఐస్‌క్రీము తింటూ నవ్వినప్పటిది.

జ్ఞానాంబకు ఒళ్ళు మండింది. ఆ రోజున ఈ మహానుభావుడి భుజం తట్టాలంటే ఆమె చెయ్యి గోవా దాకా సాగాలి. స్నేహితులతో అక్కడ ఉన్నాడతను. నాలుగు రోజులు పోయాక ఆపిల్ పండ్లతో వచ్చి, మంచం పక్కన నిలబడి ఫోటో తీసుకుని, "ధైర్యంగా ఉండాల వదినా" అని చెప్పి పోయాడు.

"మంచిదేలే, మొగం గుర్తుపట్టినావు" అంది కోపం దిగమింగుకుని. "ఏ కుక్కరు కావాల?"

ఆ అమ్మాయి కదల్లేదు. పేరు సుమ, బేరిగై నుంచి వచ్చిందట. "ఒక మాట అడుగుతానక్కా. ఏడుపు రాకుండా ఎట్ల చేస్తారు మీరు?"

"ఏంటికి అడుగుతా ఉండావు?"

"మా ఇంటాయన చెయ్యి ప్రెస్సు మిషన్‌లో పోయింది. కూర్చుని చేసే పని ఏదన్నా ఇయ్యండి అని అడిగితే, ముందు మనసు బాగు చేసుకోమని కంపెనీ వాళ్ళు ఈ సారు క్లాసుకు పంపించినారు. అప్పట్నుంచి మా అత్త రోజూ మీ వీడియో నా మొగం మీద పెడతాది. 'చూడు, ఆయమ్మ ఏడ్చిందా? నువ్వేంది ఎప్పుడు చూసినా ముక్కు చీదుతా ఉంటావు, ఇంటికి దరిద్రం' అంటాది. నేను బాత్రూములో కొళాయి తిప్పి ఏడుస్తాను."

జ్ఞానాంబ చేతిలో ఉన్న కుక్కరు మూతను బల్లమీద పెట్టింది. వెనక కుర్చీలో దొరస్వామి వంకర నోటితో ఏదో అన్నాడు. "అబద్ధం" అన్నాడని ఆమెకు ఒక్కదానికే అర్థమైంది.

తన పేరు మీద ఎవడో సొమ్ము చేసుకుంటే చేసుకోనీ అనుకోగలదు ఆమె. కానీ తను ఏడవలేదన్న అబద్ధం ఎక్కడో బేరిగైలో ఒక కోడలి వీపు మీద వాతలు తేలేలా పడుతోందంటే ఓర్చుకోలేకపోయింది. సుమ నంబరు రాసుకుని, "ఈ సారు మళ్ళీ క్లాసు యాడ పెడతాడో నాకు చెప్పు" అంది.

సుమ చెప్పనక్కరలేకపోయింది. ఆ వారమే మహేంద్ర తానే వచ్చాడు, కొత్త తెల్ల చొక్కాలో మల్లెపువ్వులా.

"వదినా, కృష్ణగిరిలో పెద్ద ప్రోగ్రాం. కల్యాణమండపం తీసుకున్నాను. మీరు వచ్చి స్టేజీ మీద ఊరికే కూర్చుంటే చాలు. అన్నను కూడా తీసుకొద్దాం. చక్రాల కుర్చీలో ఆయన, పక్కన మీరు నవ్వుతా... జనం కరిగిపోతారు."

"ఆయన్ని సంతలో ఎద్దు మాదిరి నిలబెట్టను. నేను ఒక్కదాన్నే వస్తాను."

ఇంత సులభంగా ఒప్పుకుంటుందని అనుకోని మహేంద్ర ఆమె కాళ్ళకు దండం పెట్టినంత పని చేశాడు. "పాజిటివ్‌గా ఆలోచిస్తే ఇట్లనే జరుగుతాది వదినా. నిన్ననే విశ్వాన్ని అడిగినాను."

"విశ్వం ఏమనింది?"

"మీరు వస్తారనింది."

"ఇంకేమైనా అనిందేమో సరిగ్గా వినలేదు నువ్వు" అంది జ్ఞానాంబ.

ఆ ఆదివారం అంగడిలో పనిచేసే కాళమ్మను భర్త దగ్గర ఉంచి బయలుదేరింది. కారు గురుబరపల్లి దాటేదాకా మహేంద్ర ఊపిరి ఎలా పీల్చాలో చెబుతూనే ఉన్నాడు. యాభై రెండేళ్ళుగా ఎవరూ నేర్పకుండానే పీలుస్తున్న ఊపిరి ఆమెకు అప్పుడే కాస్త కష్టమైంది.

మండపం గుమ్మంలో ఆమె ఐస్‌క్రీము నవ్వు ఆరడుగుల ఫ్లెక్సీ మీద వేలాడుతోంది. లోపల జనం నిండిపోయారు. కంపెనీలు పంపిన కూలీలు, మండీ వ్యాపారులు, పిల్లలకు మార్కులు రావడం లేదని వచ్చిన తల్లులు. ఒక్కొక్కరికీ పసుపు టోపీ ఇచ్చారు. మహేంద్ర అందరినీ లేపి నిలబెట్టి, పక్కవాళ్ళ కళ్ళలోకి చూస్తూ "నేను సింహాన్ని" అని అరవమన్నాడు. మీసాలు నెరసిన మామిడి వ్యాపారి ఒకాయన తన పక్కనున్న భార్యను చూసి సిగ్గుపడుతూ ఆ మాట అన్నాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూడో వరసలో సుమ ఉంది. పక్కన చొక్కా చెయ్యి ఖాళీగా వేలాడుతున్న భర్త, ఆ పక్కన పెద్ద బొట్టుతో అత్తగారు. సుమ మగడు సింహాన్నని అనలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత మహేంద్ర పాత కథ ఎత్తుకున్నాడు. కుప్పకూలిన అన్న, రాలని కన్నీరు, భుజం మీద చెయ్యి. ఈసారి వెనక వేణువు కూడా మోగించారు. "ఆ ప్రేరణామూర్తి ఈరోజు మన మధ్యన ఉన్నారు. వదినా, ఒక్క మాట!" అని మైకు ఆమె చేతికిచ్చాడు.

జ్ఞానాంబ ఏనాడూ మైకు పట్టుకున్నది కాదు. కానీ పాత్రల అంగడిలో బేరాలాడి సానపట్టిన గొంతు వణకలేదు.

"ముందు ఆ పిల్లనగ్రోవి ఆపండప్పా" అంది. ఆపారు.

"నేను ఏడవలేదని ఈయప్ప చెప్తా ఉండాడు. ఆ పొద్దు ఈయప్ప ఆడ లేడు. ఆస్పత్రిలో నేను ఏడ్చిన ఏడుపుకు నర్సమ్మ వచ్చి నోరు ముయ్యమని తిట్టింది. తల గోడకు కొట్టుకున్నాను. ఇంటి దేవుణ్ణి పేరు పెట్టి తిట్టినాను. ఇంటికి తెచ్చినాక మా ఇంటాయన్ని కూడా తిట్టినాను. ఆయన మాత్రం ఊరుకున్నాడా? బాగుండే చేత్తో అన్నం పళ్ళెం నా మీదికి విసిరినాడు."

ఎక్కడో ఒక నవ్వు మొదలై ఆగిపోయింది. మహేంద్ర ముందుకు రాబోయాడు. ఆమె అతని వైపు చూడనైనా చూడలేదు.

"ఒక దినం ఆయనకు గంజి తాపి, బయట గొళ్ళెం వేసి, బస్టాండుకు పోయి కూర్చున్నాను. ఏ బస్సు వస్తే ఆ బస్సెక్కి యాడికైనా పోదామని. సేలం బస్సు వచ్చి పోయింది. తిరుపతి బస్సు వచ్చి పోయింది. మళ్ళా లేచి ఇంటికే వచ్చినాను. ఏంటికి వచ్చినావంటే నాకు గొప్ప ఆలోచన ఏమీ రాలేదు. ఆకలైంది, వచ్చినాను. దీంట్లో పాఠం ఏమీ లేదు, మీరెవరూ వెతకొద్దండి. నన్ను చూపించి ఇండ్లల్లో ఆడోళ్ళను ఏడవద్దంటా ఉండారంట. అట్లాంటోళ్ళు ఈడ ఉంటే వినండి. నేను ఏడ్చినాను. ఇప్పుడు కూడా ఏడుస్తాను. ఏడ్చి మొగం కడుక్కుని అంగడి తెరుస్తాను."

మూడో వరసలో సుమ కొళాయి చప్పుడు అడ్డం లేకుండా, అందరి ముందూ భోరుమని ఏడ్చింది. ఆమె మగడు ఉన్న ఒక్క చెయ్యీ ఆమె తలమీద వేశాడు.

అంతలో మహేంద్ర మైకు లాక్కున్నాడు. ముఖం పాలిపోయింది. అయితే అది ఒక్క క్షణమే. "చూశారా!" అని అరిచాడు. "ఇదీ నిజాయితీ! ఇదీ అసలైన ధైర్యం! లేవండి, చప్పట్లు!" జనం లేచారు. చప్పట్లు మోగాయి. వేణువు మళ్ళీ మొదలైంది. బురదగుంటలో రాయి వేస్తే బురద దాన్ని మింగి మళ్ళీ ఎప్పటిలా చదునైపోయినట్టు, ఆమె మాటలన్నీ అతని సంచిలోకే పోయాయి. జ్ఞానాంబ మెట్లు దిగి భోజనాల వైపు నడిచింది.

చేతులు కడుక్కుంటుంటే సుమ అత్తగారు వచ్చి పక్కన నిలబడింది. పేరు చౌడమ్మ. తనూ చేతులు కడుక్కుంది.

"ఆ పొద్దు బస్సెక్కింటే యాడికి పోతా ఉంటివి?" అని అడిగింది.

"కల్లావిలో మా చిన్నమ్మ ఉంది. ఆడికి పోతా ఉంటినేమో. ఎవరికి తెలుసు."

చౌడమ్మ తల ఊపింది. "మా ఇంటాయన పోయినప్పుడు నేను టమాటా తోటలో సాళ్ళ మధ్య కూర్చుని ఏడ్చేదాన్ని. ఎవరికీ చెప్పలేదు." వెనక్కి తిరిగి, ఎర్రబడ్డ కళ్ళతో వస్తున్న కోడలిని చూసి కసిరింది. "ఏడిస్తే ఏడువులే. అన్నం తినేసి ఏడువు. ఖాళీ కడుపుతో ఏడిస్తే తలనొప్పి వస్తాది."

వీడియోలన్నీ కలిపి చెప్పనంత మంచి మాట అది అనిపించింది జ్ఞానాంబకు. పైకి మాత్రం అనలేదు. అంటే ఎక్కడో మహేంద్ర చెవిన పడుతుందని భయం.

తిరుగు ప్రయాణంలో మహేంద్ర గాల్లో తేలిపోతున్నాడు. "దుమ్ము లేపినారు వదినా! పొద్దున్నే ఇదే పెడతాను. 'ఏడ్చి గెలిచిన వదిన'. సేలంలో కూడా మనల్ని పిలుస్తారు, చూడండి."

"పెట్టుకో" అంది ఆమె. "నేను వద్దంటే మాత్రం మానేస్తావా? కానీ వచ్చే ఆదివారం నుంచి మీ అన్నకు నువ్వు వచ్చి నీళ్ళు పోయాల."

"నేనా? నాకు ఆదివారాలు..."

"రాకుంటే నువ్వు మాట్లాడే ప్రతి మండపానికీ నేను వస్తాను. టికెట్టు కొనుక్కునైనా వస్తాను. ముందు వరసలో కూర్చుని, చెయ్యెత్తి, మీ అన్న పడిపోయిన పొద్దు నువ్వు యాడుంటివో అడుగుతాను."

మహేంద్ర ఆ తర్వాత హోసూరు దాకా ఊపిరి గురించి మాట్లాడలేదు.

ఆదివారం వచ్చాడు. లుంగీ పైకి కట్టి, అన్నను స్నానాల గదిలో స్టూలు మీద కూర్చోబెట్టాడు. బయట నిలబడ్డ జ్ఞానాంబకు అంతలోనే తేనె గొంతు వినిపించింది. "మిత్రులారా, సేవలో ఎంత ప్రేరణ ఉందో ఈరోజు..." తొంగి చూసింది. ఫోను కిటికీ గట్టు మీద నిలబెట్టి ఉంది. అన్న ఒంటి మీద తుండుగుడ్డ తప్ప ఏమీ లేదు.

ఆమె నోరు తెరిచేలోపే దొరస్వామి ఎడమచేత్తో బకెట్‌లో చెంబు ముంచాడు. కుడిచెయ్యి పడిపోయాక ఆ ఎడమచెయ్యికి గురి బాగా కుదిరింది. నీళ్ళన్నీ వెళ్ళి కిటికీ గట్టును తాకాయి. ఫోను జారి, ఒకసారి ఎగిరి, మోరీ దగ్గర బోర్లా పడింది.

"పో" అన్నాడు దొరస్వామి స్పష్టంగా.

మహేంద్ర కెవ్వుమని ఫోను పట్టుకుని తుడిచాడు, విదిల్చాడు, ఊదాడు. అది వెలగలేదు. చూసేవాళ్ళెవరూ లేరని తెలిశాక చేతిలో సబ్బు, ఎదురుగా తడిసిన అన్న మాత్రమే మిగిలారు. చేసేదేమీ లేక వీపు రుద్దడం మొదలుపెట్టాడు. చాలాసేపు నీళ్ళ చప్పుడు తప్ప మాట వినిపించలేదు.

"వదినా" అన్నాడు లోపలి నుంచి, ఆ తేనె లేని మామూలు గొంతుతో. "ఈ చెయ్యి ఇంత సన్నబడిందే?"

"ఇప్పుడు చూసినావా?" అంది జ్ఞానాంబ.

అతను మారిపోయాడని ఎవరైనా అంటే ఆమె నవ్వుతుంది. ఆదివారాలు వస్తాడు, ఆలస్యంగా వస్తాడు. నడుం పట్టేసిందని సణుగుతాడు. కొత్త ఫోను కొన్నాడు, పొద్దున్నే జ్ఞానం మళ్ళీ వచ్చి పడుతూనే ఉంది. ఈ మధ్య ఉడుతను చూసి నేర్చుకొమ్మంటున్నాడు. అన్న స్నానం గురించి మాత్రం ఇంతవరకు ఒక్క ముక్క రాయలేదు.

ఆ కాసేపూ జ్ఞానాంబకు పని ఉండదు. మొదటి ఆదివారం ఏం చెయ్యాలో తోచక ఇల్లంతా రెండుసార్లు తిరిగింది. ఇప్పుడు కాఫీ కలుపుకుని వీధి మెట్టు మీద కూర్చుంటుంది. ఒక్కోసారి సుమ ఫోను చేస్తుంది. కంపెనీ ఇంకా పని ఇవ్వలేదని చెబుతుంది. ఇద్దరూ కలిసి కంపెనీ వాళ్ళను తీరిగ్గా తిట్టుకుంటారు. ఫోను రాని రోజున వీధిలో పోయే వాళ్ళను చూస్తూ, వేడి తగ్గకముందే కాఫీ తాగేస్తుంది.