జవాబుతో సహా అడిగిన ప్రశ్న

గర్భసంచిని తొలగించి, రాజ్యం ఇక నిష్కంటకమని వైద్యులు చాటింపు వేసిన కొంతకాలానికే, పదవీచ్యుతుడైన క్యాన్సరు మహారాజు పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయురాలి పొత్తికడుపులో మళ్లీ గుడారం వేసుకున్నాడు. కీమోథెరపీ అనే పాత సైన్యం ఓడి వెనుదిరిగింది. అప్పుడు ఆస్పత్రివారు పరీక్షిస్తున్న జంట మందుల ప్రయోగంలో ఆమె చేరింది. సెలైన్‌లా ఎక్కించే మొదటి మందు ఒంట్లో కునుకు తీస్తున్న రోగనిరోధక కణాలనే కాపలావాళ్లను తట్టి లేపుతుంది. రోజూ మింగే మాత్ర కణితికి రక్తం మోసే దారులు మూసేస్తుంది. లేచిన కాపలావాళ్లు ఒక్కోసారి శత్రువును వదిలి ఇంటివాళ్లనే చితకబాదుతారని సమ్మతిపత్రంలో ఉంది. ఆమె ఆ పత్రాన్ని అచ్చుతప్పులు దిద్దుతూ చదివి మరీ సంతకం చేసింది.

మొదటి స్కానింగులో కణితి తగ్గింది. ఆ తగ్గుదలను ఆమె కోటలా కాపాడుకోసాగింది. ఎందుకంటే, వరండాలో తన పక్క కుర్చీలో కూర్చునే శాలువా ఆవిడ, విరేచనాలవుతున్నాయని అమాయకంగా నిజం చెప్పేసింది. "మందు ఆపేస్తున్నాం" అన్నారు డాక్టర్లు. అంతే, ఆ కుర్చీ ఖాళీ. కాపీ కొట్టిన పిల్లలను ముప్పుతిప్పలు పెట్టిన ప్రధానోపాధ్యాయురాలు, ఈ ఒక్క పరీక్షా అబద్ధమాడి గట్టెక్కాలని ఆనాడే తీర్మానించుకుంది.

ఆ తీర్మానానికి ప్రయోగ విభాగం యథాశక్తి సహకరించింది. వివరాలు నమోదు చేసే కోఆర్డినేటరమ్మాయి ప్రతిసారీ కంప్యూటరు మీంచి కళ్లెత్తకుండా, "ఏ ఇబ్బందీ లేదు కదా మేడం?" అనేది. "లేదు" అనేలోపే టిక్కు పడిపోయేది. ఆ టిక్కుల ప్రకారం జంట మందులు అమృతం కన్నా సౌమ్యమైనవి.

ఈసారి ఆ "లేదు" నోట్లో ఉండగానే ఆమె లేచి బాత్రూముకు పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి మొహం సున్నం కొట్టినట్టుంది. తోడొచ్చిన చెల్లెలు, అప్పుడే గదిలోకి వచ్చిన డాక్టరు ముందు భగ్గుమంది.

"ఇక నా వల్ల కాదు. డాక్టరుగారూ, వారం నుంచి ఇదే వరస. పొద్దున రక్తం కూడా పడింది. చెప్పవే అక్కా అంటే నన్నే కరవడానికొస్తోంది."

"నోర్మూసుకోవే!"

"చూశారా?"

డాక్టరు కళ్లద్దాలు తీశాడు. "మందు వల్ల పేగు వాచినట్టుంది మేడం. ఇలా దాస్తే ప్రాణం మీదకొస్తుంది. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవారు?"

"మందు ఆపేవాళ్లం."

"ఆ శాలువా ఆవిడను వెళ్లగొట్టినట్టు!"

"ఆవిడనా?" కోఆర్డినేటరమ్మాయి నోరు జారింది. "ఆవిడకు తగ్గాక మళ్లీ మొదలుపెట్టారుగా. ఇప్పుడు మంగళవారాలు వస్తున్నారు."

ప్రధానోపాధ్యాయురాలు అరచేత్తో బల్ల మీద చరిచింది.

"ఆపడమంటే గెంటేయడం కాదని ఒక్క ముక్క చెప్పడానికి ఇంతమందిలో ఒక్కరికీ నోరు రాలేదా?"

"సమ్మతిపత్రంలో..." అన్నాడు డాక్టరు.

"నాకు చెప్పకండి, నేను చదివాను! ఆపవచ్చు అని రాశారు. మళ్లీ మొదలుపెట్టవచ్చని ఎక్కడ రాశారు? పైగా ఆ ప్రశ్నొకటి! ఏ ఇబ్బందీ లేదు కదా అట! జవాబు మీరే వండుకొచ్చి నా చేత తల ఊపిస్తారా? ఇలాంటి ప్రశ్నపత్రం తయారుచేస్తే మా బడిలో గోడకుర్చీ వేయించేదాన్ని!"

"అబద్ధమాడింది మాత్రం నువ్వే," అంది చెల్లెలు.

"నీ సంగతి ఇంటికెళ్లాక చూస్తా."

"ఇల్లెక్కడిది? ముందు వార్డుకి పద."

ఆమె కోసం కలిపి సిద్ధం చేసిన మందు సంచిని నర్సు వెనక్కి తీసుకుపోయింది. ప్రధానోపాధ్యాయురాలి చూపు గుమ్మం దాకా దాని వెంటే వెళ్లింది.

"నాకూ మళ్లీ మొదలుపెడతారా?"

"ముందు స్టెరాయిడ్లతో పేగు కుదుటపడాలి. మాటివ్వలేను."

"మీరిచ్చినా నేను నమ్మను."

చక్రాల కుర్చీ వచ్చింది. ఆమె సింహాసనం అధిష్ఠించినట్టు కూర్చుని, కదలనివ్వకుండా బల్ల అంచు పట్టుకుంది.

"అమ్మాయ్, ఆ టిక్కు తీసెయ్. ఇటు చూసి సరిగ్గా అడుగు."

ఆ పిల్ల మొదటిసారి కళ్లెత్తింది. "ఎప్పటి నుంచి... ఏమేం ఇబ్బంది పడుతున్నారు మేడం?"

"రాసుకో." ఆమె మొదలుపెట్టింది. కడుపులో మెలిపెట్టిన నొప్పి, పరుగులు, రక్తం, అన్నీ వరుసగా, పళ్లు కొరుకుతూ చెప్పింది. ఎవరూ మధ్యలో మాట్లాడే సాహసం చేయలేదు, చెల్లెలు తప్ప.

"మొన్న బస్సులో సంగతి వదిలేశావు."

ప్రధానోపాధ్యాయురాలు చెల్లెల్ని కాల్చేసేలా చూసింది. తర్వాత కోఆర్డినేటరు వైపు తిరిగి, బడి మొత్తం వినపడేంత గొంతుతో అంది:

"అదీ రాయి!"