ఒంటి మేజోడు చెప్పిన పాసింజరు కథ

నేను ఒక తెల్ల మేజోడును. మీరు సాక్సు అంటారు. ఏ మిల్లులో పుట్టానో నాకే తెలియదు. వేలమందిమి ఒకేసారి పుట్టాం, పేర్లు పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. జూన్ నెలలో సామర్లకోట బజారులో నన్నూ నా జంటనూ కొని, నాలుగో తరగతి చదివే వకుళ కాళ్ళకు తొడిగారు. పాదాల దగ్గర బతుకు, వాసన సంగతి అడక్కండి.

ఆ పిల్లకు మాట తడబడుతుంది. హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అనేలోపు మూడుసార్లు ఆగేది. వెనక బెంచీలోంచి హర్షిణి "ప్ర... ప్ర... ప్ర..." అని అందుకునేది, క్లాసంతా గొల్లుమనేది. వకుళ ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు. సోమవారం వస్తే చాలు, కడుపునొప్పి అనేది. వాళ్ళమ్మ వాము నీళ్ళు పట్టింది, నులిపురుగుల మందు వేసింది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోయేసరికి "చూశారా, ఎంత దిష్టో!" అని తృప్తిపడింది. బడి గేటు దగ్గర ఆ కాలు ఎలా మొరాయించేదో నాకు తెలుసు. కానీ మేజోడు మాట ఎవరు వింటారు?

నాకు బొటనవేలి దగ్గర చిల్లు పడింది. నా జంట ఎక్కడో తప్పిపోయింది. నన్ను మసిగుడ్డ చేయబోతుంటే, రవికెలు కుట్టే పిన్ని సువర్చల అడ్డుపడింది. రెండు గుండీలు కళ్ళుగా పెట్టి, ఎర్రగుడ్డతో నోరు కుట్టి, వకుళ చేతికి తొడిగింది.

"ఈవిడ మాణిక్యాంబ గారు. కథ చెప్పకపోతే ఈవిడకి ముద్ద దిగదంట," అంది.

కాలికి ఉండేదాన్ని చేతికెక్కించి, పైగా 'గారు' కూడా తగిలించారు! మనుషుల్లో హోదా రావడానికి రెండు గుండీలు చాలు.

పిన్ని మిషను తొక్కుతుంటే వకుళ నా గొంతుతో మొదలుపెట్టింది. తన గొంతు కాదనుకుంది కాబోలు, ఎక్కడా తడబడలేదు. ఒక పాసింజరు రైలు ఉందట. ప్రతి చిన్న స్టేషన్లోనూ ఆగుతుందట. ఎక్స్‌ప్రెస్సు దాన్ని వెక్కిరిస్తూ పోతుందట. ఒకరోజు పాసింజరు ఇక షెడ్డులోంచి కదలనని భీష్మించుకుందట.

మిషను ఆగింది.

"మాణిక్యాంబ గారూ, ఆ ఎక్స్‌ప్రెస్సు పేరేంటండీ?"

"హర్షిణండి," అన్నాను నేను. అంటే వకుళే.

పిన్ని పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మరి పాసింజరు రాకపోతే చిన్న స్టేషన్లో నిలబడ్డోళ్ళు ఏమైపోవాలండీ?" అంది.

వకుళ నన్ను చెవి దగ్గర పెట్టుకుని, విన్నట్టు తలూపింది. "ఆలోచించి చెప్తారంట," అంది.

మర్నాడే పిన్ని బడికి వెళ్ళి టీచరుతో మాట్లాడింది. టీచరు హర్షిణిని మందలించి, శనివారం కథల పీరియడు పెట్టింది. నవ్వులు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. ఆ శనివారం వకుళ నన్ను తొడుక్కుని లేచింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. సగంలో ఉన్నట్టుండి నన్ను ఊడదీసి బల్లమీద పెట్టేసింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"పా... పా... పాసింజరు బయల్దేరింది," అంది, సొంత గొంతుతో.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వకుళ అటు తిరిగింది.

"ఆ... ఆగండి. జ... జనం ఇంకా ఎక్కుతున్నారు."

నవ్వు ఆగిపోయింది. కథ చివరిదాకా ఆమె ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లు అందరూ ఆగారు.

ఇప్పుడు నేను క్లాసు బీరువాలో ఉంటున్నాను. శనివారం వస్తే నాకోసం పిల్లలు వంతులు వేసుకుంటారు, హర్షిణితో సహా. వకుళ మాత్రం నన్ను అడగడం మానేసింది. నాకు ఇంతకన్నా ఏం కావాలి?