గడియ వేసిన మీటింగు

మా తమ్ముడు లాండ్రీ నడుపుతాడు. నడుపుతున్నానని వాడు అనుకుంటాడు. నడిపేది బాయిలరు, దాన్ని కనిపెట్టుకుని ఉండేది నేను. వాడు మాత్రం ఫోన్లో నాయకత్వం మీద వీడియోలు చూసి చూసి, పొద్దున్నే అందరినీ గుండ్రంగా నిలబెట్టి మీటింగు పెట్టడం మొదలెట్టాడు. మీటింగు జరుగుతున్నంతసేపూ తలుపుకి గడియ, ఫోన్లన్నీ డబ్బాలో. మధ్యలో ఎవరు కదిలినా మర్నాడు ఉపన్యాసం వాళ్లదే. చివర్లో అందరూ చప్పట్లు కొట్టాలి. వద్దురా నాయనా అని మొత్తుకున్నాను. వింటే కదా.

దుప్పట్లు పంపే హోటలు మూతపడ్డాక మా మెషీన్లు సగం రోజు ఖాళీగానే ఉంటున్నాయి. పెద్దాసుపత్రి పని దొరికితే నిలబడతాం, దొరక్కపోతే ఈ నెలాఖరుకి షట్టరు దించేయడమే. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప షాపులో ఎవరికీ తెలియదు. తెలియనివ్వొద్దని తమ్ముడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆసుపత్రి మేట్రన్‌కి ఫోన్లు చేసి చేసి నా నోరు నొప్పి పుట్టింది. చివరికి ఆవిడ వీలు చూసుకుని వస్తానంది.

ఆవిడకి సరిగ్గా మీటింగు టైములోనే వీలు చిక్కింది.

ఆ రోజు పాఠం, అవకాశాన్ని అందిపుచ్చుకోవడం ఎలా అని. అందరం కళ్లు మూసుకోవాలట. తలుపు మీద టకటకమని చప్పుడైతే తమ్ముడు ఏకాగ్రత అన్నాడు. మళ్లీ చప్పుడైతే ఇంకాస్త గట్టిగా అన్నాడు. ఇస్త్రీ బాబాయ్ ఒక కన్ను తెరిచి, తలుపు అద్దంలోంచి ఎవరో మనిషిని చూసి, మళ్లీ మూసేశాడట. నలుగురి ముందు మాట్లాడాలంటే ఆయనకి చెమటలు పడతాయి. బట్టలు మడతపెట్టే పిన్నీ అంతే. ఒళ్లు మండి నేను కళ్లు తెరిచేసరికి కిటికీ అవతల ఒక తెల్లకోటు వీధి మలుపు తిరుగుతోంది.

గడియ లాగి పరిగెత్తాను. వెనకనుంచి తమ్ముడు రూలు రూలు అంటూనే ఉన్నాడు.

బస్టాపులో ఆవిణ్ణి పట్టుకునేసరికి నాకు ఒక కాలికి చెప్పు లేదు. "తలుపు తీసే దిక్కు లేని చోట మా దుప్పట్లు ఎలా ఇవ్వనమ్మా?" అంది. అబద్ధం చెబుదామన్నా ఒక్కటీ తట్టలేదు.

"మీటింగులో తలుపు తీసినవాళ్లు మర్నాడు ఉపన్యాసం ఇవ్వాలండి. ఆ భయంతో ఎవరూ తీయలేదు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మా దగ్గరా రోజూ ఇదే గోల. అది తప్పించుకుందామనే ఈ టైముకి బయటపడ్డాను."

వెనక్కి వచ్చి షాపంతా కలియతిరిగింది. మొండి మరకలున్న మూట ఒకటి పంపుతానని, శుభ్రంగా ఉతికిస్తే రేపు పొద్దున్నే ఏ సంగతీ చెబుతానని వెళ్లింది.

మూట వచ్చింది. మా ఖర్మ కొద్దీ అప్పుడే డ్రయ్యరు మొరాయించింది. తమ్ముడు ఏం చెయ్యాలో చర్చిద్దామన్నాడు. నేను చూసిన చూపుకి నోరు మూసుకుని డాబా ఎక్కి తాళ్లు కట్టాడు. గాలికి ఎగిరిపోయిన దుప్పటి కోసం పక్కింటి గోడ కూడా దూకాడు. సాయంత్రానికల్లా ఆరబెట్టి, ఇస్త్రీ చేసి పంపేశాం. ఇకనైనా బుద్ధొచ్చి ఉంటుందనుకున్నాను. వాడు చెమట తుడుచుకుంటూ, రూలు రూలేనని, రేపటి ఉపన్యాసం నాదేనని గుర్తుచేశాడు.

మర్నాడు మళ్లీ గడియ, మళ్లీ గుండ్రంగా నిలబడటం. నాకు కడుపు మండిపోయింది. ఒట్టూ లేదు, గట్టూ లేదు. "ఈ పని రాకపోతే నెలాఖరుకి షాపు మూసేస్తున్నాం. వీడు మీ దగ్గర దాస్తున్నాడు. దాచడానికే రోజూ ఈ కబుర్లన్నీ" అని కక్కేశాను.

తమ్ముడు తల దించుకున్నాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టిన రోజు కూడా ఇలాగే నిలబడ్డాడు. నోరు జారినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఎవరూ ఉలిక్కిపడలేదు. పిన్ని ఇస్త్రీ బాబాయ్ వంక చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు, అప్పుడే నుదుటి మీద చెమట పట్టేసింది.

"మాకు తెలుసమ్మా. హోటలు మూసిన రోజే తెలుసు. బాబు బెంగపెట్టుకుంటాడనే కదా రోజూ చప్పట్లు కొడుతున్నాం."

ఇన్నాళ్లూ వాళ్లకి తమ్ముడు ధైర్యం చెబుతున్నాడని వాడూ నేనూ కూడా అనుకున్నాం.

అప్పుడే తలుపు చప్పుడైంది. ఎవరం కదలకముందే తమ్ముడు ఒక్క ఉదుటున వెళ్లి గడియ లాగాడు. బయట ఆసుపత్రి వ్యాను, దాన్నిండా పైదాకా మూటలు.

రేపటి ఉపన్యాసం బాబుదేనని ఇస్త్రీ బాబాయ్ వెనకనుంచి గుర్తుచేశాడు.